పేలిన చేపల డబ్బా

ప్రైవేటు డిటెక్టివ్ ఓబుళేసు అనంతపురంలోని తన గదిలో కాఫీ తాగుతుండగా పీరాసాబ్ హడావుడిగా వచ్చాడు. వజ్రకరూరులో వజ్రాలు వెదికే స్వీడన్ దొరకు అతను వంటవాడు.

"అన్నా, దొర చాపల డబ్బా ఎవడో దొంగిలించినాడు. ఖాళీ డబ్బా నా గుడిసె ఎనక దొరికినాది. సాయంత్రంలోగా దొంగ దొరక్కపోతే నా పని పోతాది. నేనే దొంగనని నా పెండ్లాం ఖాతూన్‌బీ నా మొగం గూడా చూడల్యా."

ఓబుళేసు తన సహాయకుడు నాగప్పతో కలిసి మధ్యాహ్నానికి దొర గుడారాల దగ్గరికి చేరాడు. అక్కడి వాసనకు ఈగలు కూడా ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. అవి ఉప్పులో పులియబెట్టిన చేపలు. దొర సొంతూరి పాత వంటకం. డబ్బా ఉబ్బి ఉంటుంది. పొడిస్తే రసం చిమ్ముతుంది.

"దీన్ని మనిషన్నోడు తింటాడాప్పా?" అన్నాడు నాగప్ప ముక్కు మూసుకుని.

"నేను చాపను కంటితో గూడా చూడను. ఈ సాయిబే తినింటాడు," అన్నాడు దొర గుమాస్తా బయ్యన్న.

బయ్యన్న చొక్కా మల్లెపూవులా ఉంది. జేబు కుట్టులో ఏదో తళుక్కుమంది. ఓబుళేసు దాన్ని చూసీ చూడనట్టు తలతిప్పుకున్నాడు.

"నీళ్ల బండి ఎప్పుడొచ్చె?"

"నాలుగు దినాలాయన్నా. తాగేకే చాలల్యా," అన్నాడు పీరాసాబ్.

ఓబుళేసు అందరినీ గుడారం ముందు కూర్చోబెట్టాడు.

"నాలుగు దినాలుగా ఈడ ఎవురూ మొగం కడగల్యా. దొర గడ్డంలో శెనక్కాయలు విత్తొచ్చు. తాగే నీళ్లతో చొక్కా ఉతికినోడు ఒక్కడే. డబ్బా పొడిస్తే రసం మీద పడింటాది. ఏం బయ్యన్నా, జేబు కుట్టులో ఆ చాప పొలుసు యాడిది?"

నాగప్ప గురువుగారి వైపు దేవుణ్ని చూసినట్టు చూశాడు. బయ్యన్న తల మోకాళ్లలోకి దిగిపోయింది.

"దొర పక్కన కూర్చోని తింటాండానని ఊర్లో చెప్పుకున్యా. ఆ డబ్బా కూడు ఎట్లుంటాదని అడిగినారు. రుచి చూద్దామని..."

"మరి డబ్బా సాయిబు గుడిసె ఎనక ఎందుకు పారేస్తివి?"

బయ్యన్న దొర కాళ్లూ పీరాసాబ్ కాళ్లూ పట్టుకున్నాడు. దొర క్షమించాడు. పీరాసాబ్ మాత్రం, "నాకు కాదన్నా, ఖాతూన్‌బీకి చెప్పు," అన్నాడు.

బయ్యన్న అందరి ముందూ నడిచి వెళ్లి ఆ గుడిసె వాకిట్లో నిలబడ్డాడు.

"దొంగను నేనేక్కా. నీ మొగుడు కాదు."

ఖాతూన్‌బీ అతన్ని ఎగాదిగా చూసింది. "రుచి చూసేకి ఒక్క ముక్క చాలు. మిగతా చాపలు యాడికి పోయె?"

బయ్యన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"అన్నీ తిన్యానక్కా. బాగుండె."