గట్టు మీద రబ్బరు బూట్లు

రేపల్లె రైలు తెనాలిలో ఇంకా కదల్లేదు. పక్క సీట్లో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న ముసలాయన, “బాపట్ల దగ్గర ల్యాబ్‌లో సీసా పోయింది,” అన్నాడు. ఏజెంట్ విజయసారథి తల తిప్పలేదు. ఆ ముసలాయన అతని చీఫ్ వెంకటరాఘవయ్య.

“సీసాలో ఏంటండి?”

“కొంకిపురుగు లార్వాలు. విదేశీ ముఠా జన్యువులు మార్చి పెంచినవి, మనం పట్టుకుని ల్యాబ్‌లో పెడితే మళ్ళీ ఎత్తుకుపోయారు. కాలికి తగిలితే చాలు, ఎంజైమ్ వదిలి చర్మాన్ని కరిగించి లోపలికి దూరతాయి. పేగుల్లో కాపురం పెట్టి నెత్తురు తాగుతాయి. మందులకి లొంగవు. ఇవాళే ట్రయల్. రేపల్లె దాటాక కాలవ పక్క మొదటి పొలం, నాట్లేసే ఆడకూలీల మీద.”

విజయసారథి అప్పుడు తల తిప్పాడు. అక్కడి నాట్ల జట్టుకి పెద్ద అతని సొంతక్క కోటిరత్నం.

“ముఠాలోకి మనం పంపిన ఏజెంట్ తనూజ అక్కడుంటుంది. రోడ్డు మీద సామ్యేలు టీమ్. అవసరమైతే చొక్కా గుండీ నొక్కు.”

రేపల్లెలో దిగి, కూలీ వేషంలో లుంగీ, తలపాగా, అరిగిన హవాయి చెప్పులతో విజయసారథి ఆ పొలం గట్టెక్కాడు. తనూజ వ్యవసాయాధికారి వేషంలో ఉంది. నల్ల కళ్ళద్దాలు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. బురదలో కూడా సినిమా పోస్టర్లా ఉంది మహాతల్లి.

“గేదె ఈనిందా అమ్మా?”

“దూడ నిలబడింది.” కోడ్ కలిసింది. “సీసా దొరికింది, మూత కూడా తియ్యలేదు. పొలం క్లీన్. వాళ్ళని దిగనివ్వు.”

అతనికి ప్రాణం లేచొచ్చింది. అవతలి గట్టున ఆడవాళ్ళు చెప్పులు విడుస్తున్నారు. చెప్పులతో మడిలో దిగే అలవాటు ఎవరికుంది? కోటిరత్నం కేకేసింది.

“ఆఫీసరమ్మా, బూట్లిప్పి రా! మొదటి నారు నీ చేత్తోనే నాటాలి!”

తనూజ చటుక్కున వెనక్కి జరిగింది.

“క్లీనే కదా, దిగండి మేడమ్,” అన్నాడు విజయసారథి.

ఆమె చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది. అతను బ్యాగు లాక్కున్నాడు. సీసా బయటపడింది. ఖాళీది. గుండీ నొక్కాడు.

“అక్కా, దిగొద్దు!”

అప్పుడే మొదలైన ఆయిలింజను మోతలో ఆ కేక ఎవరికీ వినపడలేదు. కోటిరత్నం కుచ్చెళ్ళు ఎగదోపి కాలెత్తింది. గట్టు చుట్టూ వెళ్తే అందుకోలేడు. మడికి అడ్డంపడి పరిగెత్తాడు. రెండో అడుగుకే బురద చెప్పుల్ని లాగేసుకుంది. ఆమె పాదం నీళ్ళకి జానెడు దూరంలో ఉందనగా గట్టు మీదికి నెట్టేశాడు.

తనూజ రోడ్డెక్కగానే సామ్యేలు టీమ్‌కి చిక్కింది. ఒక్క కూలీ కూడా మడిలో దిగలేదు. చీఫ్ ఫోన్లో, “శెభాష్!” అన్నాడు. విజయసారథి గట్టెక్కి తన పాదాలు చూసుకున్నాడు. కాలివేళ్ళ సందున సన్నగా దురద మొదలైంది. అతనికి భయమేసింది.

తలపాగా జారడంతో కోటిరత్నం తమ్ముణ్ణి గుర్తుపట్టింది. బురద కాళ్ళు చూసి బుగ్గలు నొక్కుకుంది.

“ఓరి నీ ఇల్లు బంగారంగానూ! సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగమన్నావు, కాళ్ళకి మంచి చెప్పులన్నా కొనుక్కోలేకపోయావంట్రా?”