నాలుగో పిల్ల

లేచినప్పట్నుంచీ తిప్పేస్వామికి ఒళ్ళంతా చిటపటగా ఉంది. నాలుగు రోజులకొకసారి వచ్చే కొళాయి నీళ్ళు ఆ పొద్దునే వచ్చి, రెండు బిందెలు నిండగానే సన్నబడ్డాయి. చేలో వేరుశనగ వాన కోసం నోరు తెరుచుకుని ఉంది. ఇవి చాలవన్నట్టు కూతురు మహేశ్వరి వసారాలో కూర్చుని అంట్లు తోముతోంది.

కూతురు అంట్లు తోమితే తండ్రికి కోపమెందుకు అంటారా? ఆ వేళకు ఆ పిల్ల బడి మైదానంలో పరుగెత్తుతూ ఉండాలి. ఏడాదిపాటు రోజూ తెల్లవారుజామున పరుగుకు పోతుంటే "ఇంట్లో పని ఎవరు చేస్తారు?" అని విసుక్కున్నది ఈయనే. మూడు రోజులుగా పోకుండా ఇంట్లో ఉంటే విసుక్కుంటున్నదీ ఈయనే. ఈ మనిషిని మెప్పించడం ఆ మారెమ్మ తల్లి వల్ల కూడా కాదు.

"ఏం పాపా, ఈ పొద్దు కూడా పోలేదా?"

"పోను నాయనా."

"ఏంటికి పోవు? మొన్న పోటీలో నలభైమందిలో ఇరవై తొమ్మిదోదానివి వచ్చినావు. పక్కింటి ఆదెన్న నన్ను చూసి నవ్వుతాండాడు. ఓడిపోయి ఇంట్లో కూకుంటే ఆ నవ్వు ఆగుతాదా?"

మహేశ్వరి అప్పటికే తళతళలాడుతున్న చెంబునే మళ్ళీ తోమింది. పొయ్యి దగ్గరున్న పుష్పావతి మొగుడి వైపు ఒక చూపు చూసింది.

అంతలో వాకిట్లో మోటారు సైకిల్ ఆగింది. డ్రిల్లు సార్ మద్దిలేటి దిగాడు. మంచం వాల్చినా కూర్చోలేదు.

"ఏమ్మా, క్రాస్ కంట్రీ అంటే ఏమని చెప్పినా నీకు?" అని నేరుగా పిల్ల మీదికి వచ్చాడు. "ట్రాకు మీద వంద మీటర్ల పరుగనుకున్న్యావా, ఈల వేయంగానే దూకేదానికి? నాలుగు కిలోమీటర్లు. గట్లు, గుంతలు, ఇసక, మిట్ట. మొదటి కిలోమీటరు ఊపిరి దాచుకోవల్ల అని నూరుసార్లు చెప్పినా. ఏడాదంతా చక్కగా ఇన్న్యావు. ఆ పొద్దు ఏం పుట్టింది నీకు?"

తిప్పేస్వామి చేతిలో బిందె అలాగే ఆగిపోయింది.

ఏం పుట్టిందో ఆయనకు తెలుసు. అనంతపురంలో పోటీ మొదలైనప్పుడు మహేశ్వరి గుంపు వెనకాల నింపాదిగా పరుగెత్తుతోంది. పక్కనున్న ఎవరో పెద్దమనిషి "మీ పాప యాది అన్నా?" అని అడిగాడు. వెనకాల ఉన్న పిల్లను వేలు పెట్టి చూపించేసరికి తిప్పేస్వామికి తల కొట్టేసినట్టయింది. కట్టిన తాడు పక్కనే పరుగెత్తుతూ గొంతు చించుకున్నాడు. "ముందుకు పో పాపా! మందలో గొర్రె మాదిరి పోతాండావేంది? సిగ్గు లేదా?"

ఆ పిల్ల ఒక్కసారి తిరిగి చూసి, పరుగందుకుంది. మొదటి జెండా దగ్గర అందరికంటే ముందుంది. తిప్పేస్వామి ఎగిరి గంతేశాడు. రెండో జెండా దాటాక కడుపు పట్టుకుని నడిచింది.

"ముందుకు పొమ్మని ఎవరన్నా చెప్పినారా నీకు?" అని సార్ మళ్ళీ అడిగాడు.

మహేశ్వరి తలెత్తి తండ్రిని చూసింది. తిప్పేస్వామి తేలు కుట్టిన దొంగలా బిందెలోకి చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాటే నోటికి రాలేదు.

"ఎవరూ చెప్పలేదు సార్. నాదే తప్పు."

"మూడు పాయింట్లతో పోయింది. జట్టు గెలిచింటే ఆరుమందీ రాష్ట్ర పోటీలకు పోయేటోళ్ళు. నీతో మాట్లాడమంటే మీ కెప్టెన్ ఎస్తేరు మాట్లాడనంటాంది. నిన్ను మళ్ళా జట్టులో పెట్టుకునేది వాళ్ళ ఇష్టం. నేను బలవంతం చేయలేను." సార్ కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగిందో లేదో, పుష్పావతి పొయ్యి వదిలి లేచింది.

"నోరు యాడ పెట్టుకున్న్యావు? ఆ పొద్దు మైదానమంతా ఇనపడేట్ల అరిసినావే! ఈ పొద్దు నాలుగడుగుల దూరంలో ఉండే సారుకు ఒక్క మాట చెప్పలేకపోయినావా?"

"దాని మంచికే గదే నేను..."

"మంచికా? పక్కనోడు అడిగినాడని నీకు సిగ్గయింది. నీ సిగ్గు కోసం అది పరిగెత్తింది. ఇప్పుడు నీ తప్పు కూడా అదే మోస్తాంది."

"నాకేం తెలుసే క్రాస్ కంట్రీ? పరుగంటే ముందు వచ్చేదే గదా!"

"తెల్దు గదా? తెలియనోడు నోరు మూసుకోవల్ల!"

"అమ్మా, ఇడిసిపెట్టు" అని మహేశ్వరి లోపలికి పోయి తలుపేసుకుంది. పదిహేనేళ్ళ పిల్ల, గొంతు బయటికి రాకుండా ఏడవడం ఎప్పుడు నేర్చుకుందో! తిప్పేస్వామి తలుపు బయటే నిలబడ్డాడు. ఆ రోజు ఆయనకు ముద్ద దిగలేదు.

మర్నాడు తెల్లవారగానే బడి మైదానానికి పోయాడు. అయిదుగురు పిల్లలు కాళ్ళు సాగదీసుకుంటున్నారు. వాళ్ళను చూడగానే వెనక్కి తిరిగిపోదామా అనిపించింది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీకొక మాట చెప్పల్లమ్మా. మహేశ్వరిది తప్పు కాదు. ముందుకు పొమ్మని అరిసింది నేను. నిన్న సార్ అడిగినప్పుడు కూడా నోరు రాలేదు, భయమయింది. తిట్టేదుంటే నన్ను తిట్టండి. దానితో మాత్రం మాట్లాడండి."

జట్టు నాయకురాలు ఎస్తేరు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఏడాది పరిగెత్తినాము మామా. జరమొచ్చినా పరిగెత్తినాము."

"అవునమ్మా."

"మళ్ళా పోటీ పై ఏడాదికి గానీ రాదు."

ఎస్తేరు చేత్తో ముఖం తుడుచుకుంది. "రేపట్నుంచి రమ్మను. లేటుగా వస్తే రెండు రౌండ్లు ఎక్కువ. నువ్వు మాత్రం అరిసేదానికి రావద్దు మామా."

ఇంటికొచ్చేసరికి మహేశ్వరి వాకిట్లో కూర్చుని ఉంది.

"పొయ్యి చెప్పినా పాపా. రేపట్నుంచి రమ్మన్న్యారు."

"ఏంటికి చెప్పినావు? నిన్ను అంటారని గదా నేను చెప్పకుండా ఉండింది!"

"అననీ. అనాల్సిందే." పక్కనే చతికిలబడ్డాడు. "నాకు పరుగు తెల్దు. నువ్వే చెప్పు. జట్టు, పాయింట్లు... ఏందది?"

"ఆరుమంది పరిగెత్తుతాము. ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడుతారు, అవే పాయింట్లు. ఎవురిది తక్కువైతే ఆ జట్టు గెలిచినట్టు. మాలో నేను నాలుగోదాన్ని నాయనా."

"అంటే వెనకబడినట్టే గదా?"

"కాదు. ముగ్గురు ముందొచ్చినా, నేను వచ్చేదాకా లెక్క తేలదు. ఆ పొద్దు ఎస్తేరు వాళ్ళు వచ్చేసి గీత దగ్గరే నిలబడినారు. నీళ్ళు కూడా తాగలేదంట. నేను నడుస్తా వస్తాంటే 'రా మహీ, రా మహీ' అని ఏడుస్తాండ్రి." మహేశ్వరి తండ్రి వైపు తిరిగింది. "గీత దాటినాక నీ కోసం చూసినా నాయనా. నువ్వు యాడా కనపడలేదు."

కూతురు నడవడం చూసి, మంది ముందు తలెత్తుకోలేక, పోటీ ముగియక ముందే బస్టాండుకు పోయి కూర్చున్నాడాయన. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదనుకున్నాడు.

"తప్పయింది పాపా" అన్నాడు. కళ్ళు మసకబారాయి. "పై ఏడాది నువ్వు వచ్చేదాకా గీత దగ్గరే ఉంటా. ఎన్నోదానివన్నా రా. పరిగెత్తుతా రా, నడుస్తా రా. ఆన్నే ఉంటా."

మహేశ్వరి తండ్రి భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. కూతురి తల నిమురుతూ తిప్పేస్వామి కూడా ఏడ్చాడు.