నత్త ముద్ర

ఓక్ చెట్టు వేరు పక్కనున్న నాచుబండ మీద ఎవరో ఆవిడ కూర్చుని మాంసం కూరిన పేస్టీ తింటోంది. అప్పుడే అక్కడికి చేరిన మెర్విన్ ఆగిపోయాడు. అతని పెట్టె సరిగ్గా ఆవిడ కాళ్ళ దగ్గరే, వేరు కింద తొర్రలో ఉంది.

ఫోన్లు చేతుల్లోకి రాకముందు సంగతి. ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ కొండల చుట్టుపక్కల వాళ్ళకి ఆ సరదా ఉండేది. అడవిలో ఎక్కడో ఒక పెట్టె దాస్తారు. అందులో ఒక రబ్బరు ముద్ర, ఒక పుస్తకం. వెతికి పట్టుకున్నవాళ్ళు ఆ ముద్రని తమ పుస్తకంలో వేసుకుని, తమ సొంత ముద్రని పెట్టెలోని పుస్తకంలో వేసి, ఎలా ఉన్నదాన్ని అలా దాచేసి వెళ్ళిపోతారు. ఇంకొకరు చూస్తుండగా పెట్టె తీయకపోవడం అందరూ పాటించే మర్యాద.

అందుకని మెర్విన్ ఇంకో రాయి మీద కూర్చున్నాడు. ఫ్లాస్కులో టీ వంచుకుని కొమ్మలకేసి చూడసాగాడు. తుంపర మొదలైంది.

"పక్షుల కోసమా?" అందావిడ కాసేపటికి.

"అవునండి."

"ఏ పక్షి?"

మెర్విన్ ఆలోచించాడు. "ఇంకా రాలేదండి."

"నేనూ దానికోసమే," అని ఆవిడ ఇంకో ముక్క కొరికింది.

మెర్విన్ రాతిగోడలు కట్టేవాడు. వారమంతా రాళ్ళతోనే గడిచేది కాబట్టి మాటల అవసరం తక్కువ. కానీ ఏటా ఆకులు రాలే రోజుల్లో అతని పెట్టెలోని పుస్తకంలో ఒక నత్త ముద్ర పడేది. ఎవరో చేత్తో చెక్కింది. మొదటి ఏడు దాని గుల్ల వంకరగా ఉంది, మరుసటి ఏటికి సరిగ్గా వచ్చింది. ఒకసారి ఇంకు ఎండిపోయి ఉంటే బ్లాక్‌బెర్రీ పండు చిదిమి ఆ రసంతో వేసి ఉంది. ఒక ఏడు అసలు రాలేదు. ఆ చలికాలమంతా మెర్విన్ మనసు ఎక్కడా నిలవలేదు. ఆడో మగో తెలియని మనిషి కోసం అంత బెంగేమిటని తనని తనే తిట్టుకున్నాడు.

ఈ ఏడు అడవి యజమాని పెట్టెలన్నీ తీసేయమన్నాడు. మెర్విన్ సరేనన్నాడు. గడువు ఈరోజే. నత్త ఇంకా రాలేదు. పెట్టె తీసేస్తే ఆ మనిషి జాడ ఇక ఎప్పటికీ దొరకదు.

వాన పెద్దదైంది. ఆవిడ టోపీ చెవుల మీదికి లాక్కుంది గానీ కదల్లేదు. మీకు ఇల్లూ వాకిలీ లేవా, వేడి సూప్ పెట్టుకుని ఎదురుచూసేవాళ్ళెవరూ లేరా అని అడిగింది. లేరన్నాడు. ఆవిడ తనకీ ఒక పిల్లి తప్ప ఎవరూ లేరనీ, అది ఎదురుచూసేది చేపముక్క కోసమేననీ చెప్పింది.

వెలుతురు తగ్గుతోంది. మెర్విన్ లేచాడు. జన్మలో తప్పని మర్యాద తప్పి, ఆవిడ బూటు పక్కనుంచి చెయ్యి పెట్టి పెట్టె బయటికి లాగాడు.

"ఇంకొకరి ముందు తీస్తారా దాన్ని? మర్యాద నేర్పినవాళ్ళు లేరా మీకు?" అని విరుచుకుపడి, ఆవిడ వెంటనే నాలుక్కరుచుకుంది. చేసేదిలేక సంచీలోంచి తన ముద్ర తీసింది.

నత్త.

మెర్విన్ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. "ఈ ఏడు ఆలస్యమైంది మీకు," అన్నాడు.

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. మోకాలు బెణికిందనీ, మెల్లగా ఎక్కాల్సి వచ్చిందనీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "బ్లాక్‌బెర్రీ రసంతో పుస్తకం పాడుచేశాను కదూ?" అంది.

"ఆ పేజీ బాగుంటుందండి."

అడవి యజమానికి తనిచ్చిన మాట, గడువు సంగతి చెప్పాడు. ఆవిడ నత్తని కాగితం మీద అదిమి, అవసరమైన దానికన్నా ఎక్కువసేపే అదిమి ఉంచింది. అయితే ఇదే ఆఖరుదన్నమాట అంది.

మెర్విన్ పెట్టె మూసి, మళ్ళీ తొర్రలోకి తోసి, నాచు కప్పాడు.

"అదేంటి? మాటిచ్చానన్నారుగా?"

"ఇచ్చానండి. ఒక్క వారం తప్పుతాను." అతని మెడ ఎర్రబడింది. "వచ్చే ఆదివారం మీరొచ్చేట్టయితే."

ఆవిడ సంచీ భుజాన వేసుకుంది. లేవలేక చెయ్యి చాపింది. అతను పట్టుకుని లేపాడు. కింద వంతెన దాకా ఆ చెయ్యి ఎవరూ వదల్లేదు. అక్కడ ఆగి, తన పేరు థెల్మా అని చెప్పింది.

ఇంతలో ఆవిడ ఊరికి వెళ్ళే బస్సు వచ్చింది. థెల్మా దాన్ని పోనిచ్చింది.