పేరు పెట్టని బిడ్డ

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఆ ఆదివారం పొద్దున్నే నరసన్న ఇంటి ముందు మగ్గానికి ఎక్కించాల్సిన పడుగు నూలు సాచి ఉంది. ఒక పక్క నరసన్న, ఇంకో పక్క అతని కూతురు శివలీల గంజి పూసి కుంచెలతో దువ్వుతున్నారు. తడి ఆరేలోపు దువ్వకపోతే పోగులు అతుక్కుపోతాయి. మధ్యలో వదిలి కదలడానికి లేదు. అది తెలిసే పాస్టరు సరిగ్గా ఆ వేళకు చిన్న మైకుతో వాక్యం చెప్పడానికి వచ్చి నిలబడతాడు.

"ఏమప్పా పాస్టరూ! మీ దేవునికి చెప్పి ఇంకో రెండు చేతులు పంపియ్యి, ఈ కుంచె పట్టేకి!" అన్నాడు నరసన్న. వీధి నవ్వింది. పాస్టరూ నవ్వాడు. ఆ బోధ గిట్టని ఎదురింటి మహాదేవి మాత్రం తలుపు ధబాలున వేసుకుంది.

నరసన్న భార్య తిరుపతమ్మ కూతురి ముఖాన్నే చూస్తోంది. కాన్పుకొచ్చిన పిల్ల. పుట్టిన ఆరో రోజే బిడ్డ పోయి మూడు నెలలు. మైకు వినబడితే చాలు, మనిషి శిలైపోతోంది. కూతురు ఆ మతంలో కలిస్తే? ఎర్రగుంట్లలో ఉన్న మొగుడు వదిలేస్తే?

"మీరు పేరు పెట్టుకోలేకపోయిన బిడ్డ కూడా దేవునికి పేరుతో తెలుసమ్మా" అన్నాడు పాస్టరు.

శివలీల కుంచె ఆగిపోయింది.

"ఏయ్ లీలా! యాడ చూస్తాండావు?" నరసన్న అరిచేసరికే జానెడు మేర పోగులు తాడులా బిగుసుకున్నాయి. పాస్టరు గబగబా పక్క వీధికి నడిచాడు.

తిరుపతమ్మ లేచింది. "నాకు తెలుసే! మన చౌడమ్మ తల్లి నీకేం తక్కువ చేసిందే? నీ మొగుడు వింటే గడప తొక్కనిస్తాడా?"

"నేను యాడికీ పోనుమా. ఆ పాస్టరు చెప్పే దేవుడు నాకేం తెలుసు? నా బిడ్డ మాట ఎత్తినాడు, అంతే. ఆరు దినాలు పాలిచ్చినాను. ఈ ఇంట్లో ఒక్కరన్నా దాని మాట ఎత్తినారా? నేను నిద్రపోతాంటే ఊయల గూడా దాచేస్తివి."

నిజమే అనుకుంది తిరుపతమ్మ. బిడ్డ మాట రాకుండా ఇంట్లో అందరి నోళ్లూ మూయించింది తనే.

"పేరు పెట్టకముందే పోయిన బిడ్డను తలిస్తే, మళ్లీ వచ్చే కడుపుకు చేటంటారే… భయమే నాకు. శానా భయం" అంది.

గోళ్లతో పోగులు విడదీస్తున్న నరసన్న తల ఎత్తలేదు. "ఆ బిడ్డకు అచ్చం నా ముక్కే" అన్నాడు.

తిరుపతమ్మ కూతురి పక్కన కూలబడింది. "ఏం పేరనుకుంటివి?"

"అంజలి."

తిరుపతమ్మ ఒకసారి అటూ ఇటూ చూసింది. "అంజలి" అంది, పెదాల్లోనే. కూతురు ఆమె భుజం మీద వాలి వెక్కుతోంది. భయం పోలేదు. ఆ భయంతోనే, వీధిలో ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచినట్టు గట్టిగా పిలిచింది.

"అంజలీ!"