ఆలూరు నుంచి వచ్చిన సారె

ఎమ్మిగనూరు చేనేత వీధిలో కోడి కంటే ముందు మగ్గం లేస్తుంది. రామలింగప్ప ఇంట్లో మాత్రం ఆ పొద్దున మగ్గం కంటే ముందు కంప్యూటరు లేచింది. లేచి, బరువెక్కిన లారీ మిట్ట ఎక్కుతున్నట్టు రొద మొదలుపెట్టింది.

రామలింగప్ప వేపపుల్ల నములుతూ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఏం తల్లీ, మీ నాయన ఇచ్చిన ఎద్దు రొప్పుతాండాది. కుడితి పెట్టమంటావా?"

కోడలు అరుణజ్యోతి తెర మీంచి కళ్ళు తీయకుండానే నవ్వింది. "కుడితి వద్దు మామా. కాసేపు మాట్లాడకుండా వదిలేస్తే అదే సర్దుకుంటాది. మీకూ దానికీ అదొక్కటే తేడా."

"విన్నావటే సుబ్బక్కా, నీ కోడలు నన్ను మిషనుతో జోడు కడతాండాది."

"మిషనుకు మూసే మీట ఉండాది కదయ్యా," అంది సుబ్బక్క పొయ్యి దగ్గర నుంచే.

వీధిలో మిగతా కోడళ్ళు సారెలో ఇత్తడి బిందెలు తెచ్చారు, బీరువాలు తెచ్చారు. అరుణజ్యోతి ఈ పెట్టె తెచ్చింది. ఆమె తండ్రి గిడ్డయ్యది కూడా ఒకప్పుడు నేతపని ఇల్లే. అతని తాత కాలంలోనే మగ్గం వదిలేసి ఆలూరు దగ్గర మెట్ట సేద్యంలోకి దిగారు. కూతురు ఆదోనిలో కంప్యూటర్ల చదువు చదువుతానంటే, వేరుశెనగ బాగా పండిన ఏడాది గిడ్డయ్య కర్నూలు పోయి ఈ పెట్టెను కొన్నాడు. దోవలో గుంతలకు ఎక్కడ దెబ్బ తగులుతుందోనని బస్సులో ఒళ్ళో పెట్టుకొని కూర్చుని, ఆలూరులో దిగేదాకా కాళ్ళు కదపలేదు.

అది ఈ ఇంటికి వచ్చిన రోజున వీధంతా చూడటానికి వచ్చింది. "నా కోడలు టీవీ తెచ్చింది గానీ సినిమాలు ఆలూరులోనే మర్చిపోయింది," అన్నాడు రామలింగప్ప. అందరూ నవ్వారు. అరుణజ్యోతి కూడా నవ్వింది. నవ్వి, మగ్గాల గదిలో ఒక మూల దాన్ని పెట్టుకొని చీరల అంచులకు బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. ఆమె తెర మీద గీసిన బొమ్మను బట్టి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితే బొమ్మ చీర అంచులోకి దిగుతుంది. మొదట దిగింది చిలకల అంచు. కడప అంగడి వాళ్ళు ఆ అంచునే ఏరి కోరి అడగసాగారు. ఆ పైన రామలింగప్పకు పట్టపగ్గాల్లేవు. చీర మిద్దె మీద ఆరేస్తే నిజం చిలకలు వచ్చి అంచు మీద వాలి, 'మీది ఏ ఊరక్కా' అని పలకరించాయని ఆయన చెప్పని టీ అంగడి లేదు.

ఇప్పుడు దసరాకు కడప వాళ్ళు ఇంకో కొత్త అంచు కావాలన్నారు. అరుణజ్యోతి ఏదో గీస్తోంది, ఎవరికీ చూపించడం లేదు. పెట్టె మాత్రం సగంలో వేడెక్కి ఆరిపోతోంది.

కొడుకు వీరేంద్ర చీరల మూట కట్టుకుంటూ అన్నాడు. "మెకానిక్కును అడిగినా. లోపలి సామాన్లు కొన్ని కొత్తవి వేయించుకోవచ్చునంట. లేదా కొత్తదే కొనుక్కోమన్నాడు. మీరే తేల్చండి."

"లోపలివి మారిస్తే చాలు," అంది అరుణజ్యోతి.

"కొత్తదే," అన్నాడు రామలింగప్ప. "మాసికేసిన చీర మనం అమ్ముతామా? నా కోడలు మాసికేసిన మిషను ముందర కూర్చుంటే వీధిలో నేను ఎట్ల తిరగాల?"

"పని చేసేది జ్యోతి కదా నాయనా. ఆమె చెప్పిందే చేద్దాం," అంటూ వీరేంద్ర కడప బస్సుకు టైమయిందని బయలుదేరాడు.

రామలింగప్ప ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే ఏదో చేయబోతున్నాడని సుబ్బక్కకు తెలిసి ఉండాలి. ఆ రోజు పొయ్యి మీద పప్పు ఉడుకుతుండటంతో ఆ సంగతి మరిచిపోయింది.

మరుసటి రోజు అరుణజ్యోతి నూలు రంగులు చూసుకోవడానికి ఆదోని పోయింది. ఆమె వీధి మలుపు తిరగ్గానే రామలింగప్ప పెట్టెనూ తెరనూ పాత దుప్పట్లో మూట కట్టాడు.

"రిపేరుకు తీసుకపోతాండా," అన్నాడు భార్యతో.

కర్నూలు పోయి సాయంత్రం తిరిగొచ్చిన ఆయన ఆటో వెనక పిల్లలు పరుగెత్తుకొచ్చారు. కొత్త పెట్టె, కొత్త తెర. రెండింటికీ బంతిపూల మాలలు. వీధిలో అయిదారుగురు లోపలికొచ్చి చూసి, తాకి, "పెట్టి పుట్టిన కోడలప్పా" అని పోయారు. రామలింగప్ప తువ్వాలుతో మొహం తుడుచుకుని, కోడలు వచ్చే దారి చూస్తూ అరుగు మీద కూర్చున్నాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాడు కూడా అంత బిగుసుకుని కూర్చోడు.

అరుణజ్యోతి వచ్చింది. గదిలో మూల వైపు చూసింది. పూలమాలలు చూసింది.

"పాతది యాడ మామా?"

"అంగడాయప్పకు ఇచ్చేసినా. కొత్తది కొంటే పాతది తీసుకుంటారంట. వాడు తెర కూడా ఇమ్మన్నాడు, నేను ఇస్తానా? నీ బొమ్మలు పోతాయి కదా." గర్వంగా దుప్పటి విప్పాడు. అందులో పాత తెర. "ఇదో, చిలకలు, హంసలు, నువ్వు గీస్తాండే కొత్తదీ, అన్నీ భద్రంగా తెచ్చినా."

అరుణజ్యోతి ఆ తెర మీద చెయ్యి వేసింది.

"బొమ్మలు తెరలో ఉండవు మామా. పెట్టెలో ఉంటాయి."

"అదెట్ల? కనపడేది దీంట్లో కదా?"

"కనపడేది దీంట్లో. ఉండేది దాంట్లో."

ఆయన తెరను అటు తిప్పి వెనక కూడా వెతికాడు. అయినా వెంటనే తేరుకున్నాడు.

"పోతే పోనీలే తల్లీ. నీ చెయ్యి యాడికీ పోలేదు కదా. మళ్ళా గీస్తావు."

"గీస్తా మామా," అంది అరుణజ్యోతి. చెప్పులు పక్కకు పెట్టింది. "బొమ్మలు గీస్తా. అది మా నాయన ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది."

లోపలికి పోయి, మగ్గం నిలువు పోగుల కొత్త పడుగు అతుకుతున్న అత్త పక్కన కూర్చుని పోగులు అందుకుంది. అతికే చేయి ఆగలేదు గానీ మధ్య మధ్య మోచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. తడి తగిలితే పోగు అతకదు మరి.

సుబ్బక్క కోడలిని చూసింది. వాకిలి దగ్గర నిలబడ్డ మొగుడిని చూసింది. లేచి గూట్లో ఉన్న కత్తెర తీసింది.

నేతవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. చీరలు నేయడం అయిపోయినా పాత పడుగును మొత్తం తీసేయరు. జానెడు పోగులు దువ్వెన లాంటి అచ్చులో అలాగే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కో పాత పోగు కొసకూ ఒక్కో కొత్త పోగు అతికి, పాతదాన్ని పట్టుకుని మెల్లగా లాగుతారు. కొత్తది దాని వెంటే అచ్చులోకి నడిచి వస్తుంది. ఆ జానెడు లేకపోతే వేల పోగుల్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ అచ్చులోకి ఎక్కించుకోవాలి.

సుబ్బక్క ఆ జానెడు పోగుల దగ్గర కత్తెర తెరిచింది.

"ఏయ్, ఏయ్," రామలింగప్ప అడ్డం వచ్చాడు. "ఏం చేస్తాండావే? పిచ్చి పట్టిందా?"

"పాతవి కదయ్యా, కోసి పారేస్తా. కొత్త పడుగు వచ్చె కదా."

"పాతవి లేకుండా కొత్తది దేనికి అతుకుతావు, నీ తలకా?"

"ఓహో." సుబ్బక్క కత్తెర మూసింది. "నా ముప్పావలా పోగులకు ఇంత అడ్డం పడితివే. ఆ బిడ్డ పుట్టింటి సారె అంగట్లో ఇచ్చేటప్పుడు ఈ తెలివి యాడికి పోయింది? వాళ్ళ నాయన ఎండకు మాడి, కూతురికి ఒకటి కొనిచ్చినాడు. నువ్వు దాన్ని పారేసి కొత్తదానికి పూలమాల వేసుకొని వస్తివి."

"నేను గొప్పగా చూసుకోవాలనే కదా..."

"గొప్ప ఎవరికి? ఆమెకా, నీకా?"

రామలింగప్ప మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు గానీ ఆడించలేదు. కోడలు తల వంచుకుని పోగులు అతుకుతూనే ఉంది. కొంతసేపటికి ఆయన లేచి, అంగడివాడు ఇచ్చిన రసీదు వెనక నంబరుకు ఫోను చేశాడు.

"అప్పా, పొద్దున ఇచ్చిన పాత పెట్టె ముట్టుకోవద్దు. రేపు వస్తాండా. దాంట్లో మా వియ్యంకుడు ఉండాడు."

అవతలి వాడు ఏమనుకున్నాడో గానీ భయపడి సరేనన్నాడు.

పొద్దున్నే మామా కోడలూ కొత్త పెట్టెనూ తెరనూ కట్టుకొని కర్నూలు చేరారు. అంగడి వెనక గదిలో మెకానిక్కు ఉమామహేశ్ పాత పెట్టెను అప్పటికే విప్పి కూర్చున్నాడు. బల్ల మీద ఒక కాగితంలో ఏదో కుప్ప పోసి ఉంది.

"ఏం తాతా, దీనికి పెండ్లి చేసినారా?"

కాగితం నిండా దూది పింజలు. వాటిలో పసుపు బియ్యం, కుంకుమ, ఎండిన బంతి రెక్కలు.

రామలింగప్ప గొంతు సవరించుకున్నాడు. "ఏటా ఆయుధపూజకు మగ్గానికి వేసినట్లే దీనికీ అక్షింతలు వేస్తాం కదప్పా. పైన బెజ్జాలు కనపడితే వాటిలోకీ పోసినా. లోపలుండే వాటికీ చేరాల కదా."

అరుణజ్యోతికి నవ్వు ఆగలేదు. నిన్నటి నుంచి బిగపట్టిన దుఃఖం కూడా ఆ నవ్వుతోపాటే కళ్ళల్లోంచి దిగింది.

"మగ్గాల గదిలో పెట్టినారు, పింజంతా లాక్కొనింది," అన్నాడు ఉమామహేశ్. "గాలి ఆడక ఉడికిపోయింది పాపం. పెట్టె గట్టిది తాతా. కొత్త డిస్కు ఒకటి, కొంచెం మెమరీ వేస్తే ఇంకా కొన్నేండ్లు పని చేస్తాది. పాత డిస్కులో ఉండే బొమ్మలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కిస్తా."

"పాతదాన్ని పట్టుకొని కొత్తది లోపలికి వస్తాదా?"

"అట్లే అనుకోండి."

రామలింగప్ప కోడలి వైపు తిరిగాడు. "మన పడుగు అతికినట్లేనా తల్లీ?"

"అంతే మామా."

ఆయన ఆ విప్పిన పెట్టెకు అంటిన పింజను తువ్వాలుతో తుడిచాడు. "ఇప్పుడు నువ్వు చెప్పు. కొత్తదా, ఇదా? నేను నోరు మూసుకుంటా."

"ఇదే మామా."

కొత్త పెట్టె వెనక్కి తీసుకోవడానికి అంగడివాడు గొణిగాడు. రామలింగప్ప అతనికి చిలకల కథ చెప్పడం మొదలుపెట్టాడు. సగంలోనే అతను ఒప్పేసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికింది. పెట్టెను అరుణజ్యోతి అందుకోబోతే ఆయన ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకున్నాడు. కోడుమూరు దాటేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి.

"కింద పెట్టండి మామా."

"మీ నాయన పెట్టినాడా?"

అరుణజ్యోతి కిటికీ వైపు తిరిగి చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఎమ్మిగనూరు దగ్గరపడుతుంటే ఆయనకు అసలు దిగులు పట్టుకుంది. "వీధిలో ఏం చెప్పాల తల్లీ?"

"మీకు మాటలు కరువా మామా."

ఆయుధపూజ నాటికి కొత్త అంచు చీర మగ్గం దిగింది. గిడ్డయ్య ఆలూరు నుంచి చేతిసంచిలో పచ్చి వేరుశెనగ బుడ్డలు పట్టుకొని వచ్చి, ఎప్పటిలాగే అరుగు చివర ఒదిగి కూర్చున్నాడు. పెట్టె ఇప్పుడు మగ్గాల గదిలో లేదు, నట్టింట్లో కిటికీ పక్కన ఉంది. దాన్ని చూసి ఆయన మొహమాటపడ్డాడు.

"ఇంకా ఉంచినారా బావా దీన్ని? పాతబడిపోయింది కదా, ఈపాటికి మార్చింటారులే అనుకుంటి."

అరుణజ్యోతి మాట్లాడకుండా చీర తెచ్చి తండ్రి ఒళ్ళో పరిచింది. గిడ్డయ్య వేలితో అంచు తడిమాడు. పచ్చటి ఆకుల మధ్య చిన్న పసుపు పువ్వు. పువ్వు కింద నుంచి ఊడ దిగి మట్టిరంగు పట్టీలో బుడ్డ కట్టింది. అంచు పొడవునా అదే.

"ఇది... మన చేన్లో శెనిక్కాయ చెట్టు కదమ్మా."

"అదే నాయనా. కడపోళ్ళు ఇంకా కావాలన్నారు."

గిడ్డయ్య చీరను మడవకుండా అలాగే ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

పూజకని చేరిన వీధి జనంలోంచి ఆనందం అనే ఆయన అడిగాడు. "ఏమప్పా రామలింగప్పా, ఆ పొద్దు కొత్తది పూలమాలలతో దిగింది కదా, యాడికి పోయింది?"

రామలింగప్ప ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు.

"ఏం చెప్పేది. మా బావ పెట్టెను చూడగానే కొత్తది దణ్ణం పెట్టేసింది. 'తాతా, ఈయమ్మ ముందర నేను నిలబడలేను, నన్ను కర్నూలు బస్సెక్కించు' అని ఒకటే ఏడుపు. మరి ఇది ఎట్ల వచ్చిందనుకున్నావు? కర్నూలు నుంచి ఆలూరు దాకా మా బావ నెత్తిన పెట్టుకొని నడిచినాడు. నడిదోవలో వాన. మన సీమలో వాన, చూడు, దీని కోసమే వచ్చింది. చొక్కా విప్పి దానికి కప్పినాడు గానీ తాను కప్పుకోలేదు."

గిడ్డయ్య కంగారుపడ్డాడు. "లేదు బావా. బస్సులోనే వచ్చినా. సీటు కూడా దొరికింది."

"నువ్వు ఉండు బావా. నీకు చెప్పుకోవడం చేతకాదు."

వీధంతా నవ్వింది. వీరేంద్ర నవ్వాడు. గిడ్డయ్య కూడా నవ్వుతూ తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆయన గురించి ఒక మనిషి నలుగురిలో గొప్పలు చెప్పడం ఆయన పుట్టిన తరువాత అదే మొదలు.

సుబ్బక్క హారతి ఇచ్చి అక్షింతల పళ్ళెం అందించింది. రామలింగప్ప గుప్పెడు తీసుకుని మగ్గానికి వేశాడు. ఇంకో గుప్పెడు తీసుకుని పెట్టె దగ్గరికి నడిచాడు.

"మామా, బెజ్జాలు," అంది అరుణజ్యోతి.

చెయ్యి గాలిలో ఆగింది. ఆయన గుప్పిట వైపు చూసుకున్నాడు, పెట్టె వైపు చూశాడు. తరువాత అరుగు దగ్గరికి వచ్చి ఆ అక్షింతలన్నీ గిడ్డయ్య నెత్తిన పోశాడు.

"నాకెందుకు బావా?"

"పెట్టెలో పోయొద్దన్నారు. తెచ్చినాయప్ప మీద పోయొద్దని ఎవరూ చెప్పలేదు."