ఖాళీ గడి

2074 నాటికి విశాఖలో జన్యు పరీక్ష బరువు చూసుకున్నంత మామూలైపోయింది. మందుల షాపులో గొట్టంలోకి ఉమ్మితే పది నిమిషాల్లో జన్యుపత్రం చేతికొచ్చేది. ఏ జబ్బు రావచ్చు, ఏ మందు పడదు, అన్నీ అందులోనే. యంత్రం ప్రతిసారీ కొన్ని జన్యువులను చదవలేకపోయేది. ఆ ఖాళీ గడులను 'పూరణి' అనే ప్రోగ్రాం, లక్షలమందితో పోల్చి ఊహతో నింపేది. చదివిందేదో, ఊహించిందేదో పత్రం చూస్తే తెలిసేది కాదు.

ఈ పత్రాలిచ్చే ఒక కంపెనీలో డేటా నాణ్యత చూసే నీలవేణి దగ్గరికి పాడేరు నుంచి కొర్రా సుందరమ్మ వచ్చింది. మత్తుమందు పడక ఆమె తమ్ముడు ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. పత్రంలో మాత్రం 'మత్తుమందుతో ప్రమాదం లేదు' అని ఉంది.

నీలవేణి అతని అసలు డేటా తెరిచింది. మత్తుమందు సంగతి చెప్పే జన్యువు దగ్గర యంత్రం ఏమీ చదవలేదు.

"దేన్ని బట్టి నింపావు?" అని పూరణిని అడిగింది.

"పన్నెండు లక్షల మందితో పోల్చాను."

"వాళ్లలో ఇతని కొండజాతి వాళ్లెంతమంది?"

"ఒక్కరూ లేరు."

నీలవేణి నేరుగా ప్రధాన శాస్త్రవేత్త వరాహమూర్తి గదికి వెళ్లింది.

"ఖాళీని ఖాళీగానే చూపిద్దాం సార్. రక్తం తీసుకుని మూడు వారాల్లో సరిగ్గా చెబుదాం."

"'తెలియదు' అని రాసిస్తే మన దగ్గరికి ఎవరొస్తారమ్మా?" అన్నాడాయన. కానీ చనిపోయినవాడి ఫైలు రెండుసార్లు చదివి, ఆ మార్పుకి సంతకం పెట్టాడు.

ఆయన అన్నట్టే అయింది. జనం పోటీ కంపెనీవాళ్ల ఎదురుషాపుకి మళ్లారు. అక్కడి పత్రాల్లో ఖాళీలుండవు.

రెండు నెలలకు సుందరమ్మ మళ్లీ వచ్చింది. పిత్తాశయంలో రాళ్లట. ఆమె పత్రంలోనూ మత్తుమందు గడి ఖాళీ.

"రక్తం ఇచ్చారుగా, మూడు వారాలు ఆగండి. ఆపరేషన్ ఎప్పుడు?"

"వచ్చే నెలమ్మా."

"మరి తొందరేముంది?"

"ఆ ఖాళీ చూస్తే అన్నం సయించట్లేదు. పాత పద్ధతిలో ఏదో ఒకటి నింపి ఇయ్యండి."

"అది ఉత్త ఊహ సుందరమ్మగారూ! మీ తమ్ముడి సంగతి మర్చిపోయారా?"

"ఎలా మర్చిపోతాను? ఆపరేషన్ ముందురోజు కూడా వాడు ఆ పత్రం చూసుకుని, చేపలకూర తిని హాయిగా పడుకున్నాడమ్మా."

నీలవేణి కుదరదంది. సుందరమ్మ దండం పెట్టి దిగి వెళ్లింది. కిటికీలోంచి చూస్తుండగానే రోడ్డు దాటి ఎదురుషాపులోకి నడిచింది. పది నిమిషాల తర్వాత పత్రం కొంగున ముడేసుకుంటూ బయటికొచ్చింది. ఆమె ముఖం తేటపడింది.