కంబళి ముక్క

శనివారం పొద్దున సారమ్మ ఉప్మా కలుపుతుంటే వరండాలోంచి గరుకు కాగితం చప్పుడు ఆగకుండా వస్తోంది. మన్సూరాబాద్‌లోని ఆ చిన్న ఇంటి వరండాయే ఆమె భర్త సుందరయ్య పనిచోటు. గిటారు వాయించేవాళ్లకు అడిగిన కొలతల్లో స్పీకరు పెట్టెలు చేసిస్తాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా చాలా చర్చిల్లో ఆయన పెట్టెలే ఉన్నాయి.

"పాత కట్టెకే గొంతు ఉంటది" అనేది ఆయన మాట. యంత్రాలు ప్యాక్ అయి వచ్చిన దేవదారు పెట్టెల్ని విప్పించి, బాగా ఎండిన పలకలే ఏరి తెచ్చుకుంటాడు. మూలల్లో మేకు కొట్టడు. చేతివేళ్లు పెనవేసినట్టు పలకల అంచులు కోసి, జిగురుతో బిగిస్తాడు. "ఫ్యాక్టరీ పెట్టె అరుస్తది, నాది మాట్లాడుతది" అంటాడు. కొన్నవాళ్లూ ఆ మాటే అనేవారు.

అందులో సగమే నిజమని ఇంట్లో ఆడవాళ్లిద్దరికీ తెలుసు. రెండేళ్ల కిందటి నుంచి సుందరయ్యకు సన్నని శబ్దాలు వినిపించడం లేదు. పిచ్చుకల కూత, తాలింపు చిటపట ఆయన దాకా రావు. కొత్త స్పీకరులో అదిరి శబ్దం పుట్టించే కాగితం బిరుసుగా ఉంటుంది. నెలల తరబడి వాయిస్తే గానీ మెత్తబడదు. అందాకా పై స్వరాలు చెవిలో సూది గుచ్చినట్టుంటాయి. ఆ పదును ఆయనకు తెలియదు. అందుకని ఆయన బజారుకు వెళ్లినప్పుడల్లా కూతురు సాధన పెట్టె ముందున్న గుడ్డ ఫ్రేము ఊడదీసి, గుండ్రంగా కోసిన కంబళి ముక్కను లోపలివైపు అతికించి మళ్లీ బిగించేది. పదును తగ్గేది. పేరు పాత కట్టెకు వచ్చేది.

సాధనకు ఇరవై ఎనిమిదేళ్లు. సంగీతం చదివింది. కరీంనగర్‌లో ఒక హాస్టలు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇంతకుముందు రెండు ఉద్యోగాలు ఇలాగే వచ్చాయి, ఇలాగే పోయాయి.

"ఇంకొక్క ఏడాది ఆగరాదు బిడ్డా" అంది సారమ్మ, ప్లేటు అందిస్తూ మెల్లగా.

"పోయినేడు గూడ గదే అన్నవమ్మా."

"నువ్వు పోతే నాయిన పెట్టెలు ఎవరు చూస్తరు? నలుగుర్ల ఇజ్జత్ పోతది. నేను ప్రార్థన చేస్తున్న. దేవుడే ఏదో దారి చూపిస్తడు."

"దేవుడు చూపిస్తనే ఉన్నడమ్మా. మనమే తలుపేసుకుంటున్నం."

సారమ్మ పొయ్యి వైపు తిరిగింది. అబద్ధమాడకూడదని సండే స్కూలు పిల్లలకు చెప్పేది తనే. ఒక మనిషి పరువు కోసం నోరు మూసుకుంటే అదీ అబద్ధమే అవుతుందా? ఎవరిని అడగాలో ఆమెకు తెలియలేదు.

పదింటికి ఎబినేజర్ వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్ చర్చిలో గిటారు వాయించే కుర్రాడు. మర్నాటి ఆరాధనకు కొత్త పెట్టె పట్టుకుపోవాలి. సుందరయ్య పెట్టెను తుడిచి ముందుకు జరిపాడు. సాధన ముఖం పాలిపోయింది. నిన్నంతా ఆమె సర్టిఫికెట్ల కోసం తిరిగింది.

"అమ్మా, దీనికి ముక్క పెట్టలే" అంది తల్లి చెవిలో.

ఎబినేజర్ గిటారు వైరు పెట్టెకు తగిలించి తీగలు మీటాడు. కింది స్వరాలు నిండుగా, వెచ్చగా వచ్చాయి. పైకి పోయేసరికి సారమ్మ పళ్లు జివ్వుమన్నాయి. ఎబినేజర్ కనుబొమలు ఒక్క క్షణం ముడిపడ్డాయి.

"ఎట్లుంది?" అన్నాడు సుందరయ్య.

"బాగుంది అంకుల్."

"బాగుండకేం, పన్నెండేండ్లు ఎండిన కట్టె. రేపు మీ పాస్టరు గారు ప్రసంగం మరిచి పాటే వింటడు చూడు."

తన మాటకు తనే నవ్వుకున్నాడు. ఎబినేజర్ పెద్దాయన్ని నొప్పించలేక వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆగన్నా" అంది సాధన. "అది గట్లనే కొండవోకు. పాట మొదలైతే అందరు చెవులు మూసుకుంటరు."

సుందరయ్య నవ్వు ఆగింది. "ఏం మాట్లాడుతున్నవ్?"

"పై గొంతు కోస్తున్నది నాయినా. నీకు వినిపిస్తలేదు."

"సాధనా, ఊకో" అంటూ సారమ్మ కూతురి చేయి పట్టుకుంది.

"ముప్పై ఏండ్ల సంది చేస్తున్న, నాకు చెప్పొస్తున్నవా? ఇన్ని పెట్టెలు పోయినయి. ఒక్కటన్న వాపసొచ్చిందా?"

"రాకుండ నేను చేసిన. రెండేండ్ల సంది నువ్వు లేనప్పుడు ప్రతి పెట్టెల కంబళి ముక్క పెట్టిన. వచ్చిన రెండు నౌకరీలు గిందుకే ఇడిసిపెట్టిన. ఇంక నాతోని కాదు నాయినా."

సాధన లోపలికి వెళ్లి ముక్క తెచ్చి, గుడ్డ ఫ్రేము తీసి అతికించింది. వాయించమంది. ఎబినేజర్ వాయించాడు. అతని కనుబొమలు సర్దుకున్నాయి. సుందరయ్య ముక్క తీయించి వాయించమన్నాడు, మళ్లీ పెట్టించి వాయించమన్నాడు. ఆయన పెట్టె వైపు చూడలేదు. కుర్రాడి ముఖాన్నే చూశాడు.

"నాకు రెండూ ఒక్కతీరే ఉన్నయి" అన్నాడు చివరికి. "అయితే ఇన్నేండ్లు కట్టె కట్టె అన్నదంతా ఉత్తదేనా?"

"కాదు నాయినా. కింది గొంతు నీ కట్టెదే, నువ్వు కలిపిన మూలలదే. గట్ల నాకు జన్మల రాదు. పైదొక్కటే నేను చూసుకున్న."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నీకు ఎరికేనా?"

"నీ మనసు నొస్తదని..."

"నొస్తే నొస్తుండె. నాలుగు దినాలు బాధపడుతుంటి. దానికి పిల్లను రెండేండ్లు గీ వరండాల కట్టేస్తరా?"

సారమ్మ కళ్లు నిండాయి. రోజూ తెల్లవారుజామున మోకాళ్ల మీద చేసిన ప్రార్థనలన్నీ గుర్తొచ్చాయి. ఆయన పరువు కోసం, ఆయన పని కోసం ఎంత అడిగిందో. సాధన కోసం ఏం అడిగిందో ఎంత తలచుకున్నా ఒక్కటీ గుర్తురాలేదు. అడిగింది ఏదైనా ఉంటే, కూతురు ఇంకో ఏడాది ఆగాలనే.

సుందరయ్య పీట లాక్కుని ఎబినేజర్ ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నాకు సన్న సౌండు వినిపిస్తలేదు ఎబినేజరూ. నువ్వు వాయించి ఏడ కోస్తున్నదో చెప్పు. సరిచేసుడు నా పని. రేపటి సంది ఎవరొచ్చినా గిదే మాట చెప్త."

ఎబినేజర్ మొహమాటపడుతూనే మీటాడు. "సన్న తీగ మీద ఇంకా జర ఉంది అంకుల్."

సుందరయ్య కంబళి పరిచి కత్తెర తీసుకున్నాడు. మొదటి ముక్క వంకరగా తెగింది. సాధన ఉండలేక ఒక అడుగు ముందుకు వేసింది. సారమ్మ ఆమె భుజం పట్టి ఆపింది.

"నాయిన చూసుకుంటడు. నువ్వు రా బిడ్డా, బట్టలు సర్దుదాం."

"ఇంకా కోస్తున్నదా?" అని వరండాలోంచి సుందరయ్య గొంతు వినిపించింది.

"కోస్తున్నది అంకుల్."

కత్తెర మళ్లీ కదిలింది.